రెండు స్టేజీల నడుమ: ఆర్టీసీ కండక్టర్లకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముల ఆర్టీసీ బస్సులలో కండక్టరు ఉద్యోగము చేయుచున్న సోదరీసోదరులారా,

మనస్సును అదుపులో నుంచుకొనుటను గూర్చి వ్రాయబూనినవారు సాధారణముగా విద్యార్థులనో, గృహస్థులనో, కానిచో ఏ ఊరివాడో, ఏ పని చేయువాడో తెలియని 'మానవుని'నో సంబోధించి వ్రాయుదురు. నేను మిమ్ములను ఎన్నుకొనుటకు కారణమున్నది. సేద్యము చేయువాడు దినమంతయు పొలములో గడిపి పదిమందితో మాటలాడిన మాటలాడవచ్చును. కచేరి గుమాస్తా తన బల్ల యొద్దకు వచ్చిన ఇరువదిమందికి సమాధానము చెప్పి ఇంటికి పోవును. మీరో, వందలకొలది మనుష్యులతో, ఒక్కొక్కరితో అరనిమిషమునకు మించని వ్యవహారమును, అదియు డబ్బుతోను, గుర్తింపు కార్డుతోను, పరువుతోను ముడిపడిన వ్యవహారమును, కదలుచున్న బండిలో నిలుచుండి, ఒక చేత కమ్మిని పట్టుకొని, రెండవ చేత యంత్రమును నొక్కుచు నడపవలసినవారు. కోపము, జాలి, విసుగు, అనుమానము, భయము అనునవి తక్కినవారికి దినమున కొకమారు తటస్థించునేమో గాని మీకు ఒక్క ట్రిప్పులోనే వరుసగా వచ్చి పోవును. మనోనిగ్రహమునకు శాస్త్రమనునది ఉన్నచో అది మీ బస్సులో నిలువవలెను. అక్కడ నిలువనిది గ్రంథములలో ఎంత రమ్యముగా నున్నను దానియందు నాకు గౌరవము లేదు.

మీ వృత్తి నిన్న మొన్నటిది కాదు. 1932లో నిజాము రాజ్యపు రైల్వేశాఖకు అనుబంధముగా 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైన రవాణావ్యవస్థ, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థయై, రాష్ట్రవిభజనానంతరము రెండు సంస్థలుగా చీలి, నేడు రెండు ప్రభుత్వముల ఏలుబడిలో నడచుచున్నది. చేతి ట్రేలోని రంగురంగుల టికెట్టు కట్టలు పోయి టికెట్టు ముద్రించు టిమ్ యంత్రము వచ్చినది; చిల్లర లేనప్పుడు టికెట్టు వెనుక బాకీ వ్రాసి 'దిగేటప్పుడు తీసుకోండి' అను సంప్రదాయము మాత్రము పోలేదు, ఆ చిల్లర నడుగుట మరచి దిగిపోవు మావంటివారును పోలేదు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణమునందును, 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌నందును స్త్రీలకు ఉచిత ప్రయాణసౌకర్యము కలిగినది. ఆ పథకమును నేను మనసార మెచ్చుకొందును. పుట్టింటికి పోవుటకు భర్తను చార్జీ డబ్బు అడుగ నక్కరలేని స్త్రీ ముఖములోని స్వేచ్ఛ చూడదగినది. అయినను ఆ స్వేచ్ఛయొక్క బరువు ముందుగా పడినది మీ భుజముల మీద. రద్దీ పెరిగినంతగా బస్సులు పెరుగలేదని మీరందురు. తలుపు మెట్టు మీద వ్రేలాడుచు ప్రయాణించిన నాకును అట్లే తోచినది.

కావున మొదటనే ఒక మాట స్పష్టపరచెదను. బస్సులు చాలనప్పుడు బస్సులు వేయుట, ట్రిప్పు ముగియుచోట మరుగుదొడ్డి లేనప్పుడు కట్టించుట, డబుల్ డ్యూటీలు తగ్గించుట యాజమాన్యము యొక్క పని. వానిని మానివైచి, వానికి బదులుగా ఉద్యోగులను వరుసగా కూర్చుండబెట్టి ప్రాణాయామమును, చిరునవ్వును బోధింపించుట మిక్కిలి చౌకయైన ఎత్తుగడ. అట్టి ఉపన్యాసములలో వెనుక వరుసను కూర్చుండి మీరు పండ్లు కొరుకుకొనిన, ఆ కొరుకుటను నేను తప్పు పట్టను. ఈ లేఖలో నేను మాటలాడబోవునది ఆ కొరతలు తీరిన పిమ్మటను మిగులునట్టి, తీరక మునుపును మీ చేతిలోనే యున్నట్టి, కొంచెపుపాటి భాగమును గూర్చి.

ఒక సంతనాడు పల్లెవెలుగు బస్సులో నేను చూచినది చెప్పుదును. నిలుచుండుటకును చోటు లేని ఆ బస్సులో కూరగాయల మూటతో ఒక ముసలమ్మ ఎక్కి, మూటను ఇంజను పెట్టె ప్రక్కకు త్రోసి, రొమ్ము దగ్గరి సంచిలోనుండి నాలుగు మడతల కాగితమును తీసి చూపెను. అది ఉచిత ప్రయాణపు 'జీరో టికెట్' కొరకు చూపవలసిన అసలు ఆధారుకార్డు కాదు, దాని నకలు.

"జిరాక్స్ నడవదు అవ్వా. ఒరిజినల్ ఉంటేనే జీరో టికెట్," అని కండక్టరమ్మ అనెను.

"కార్డు మా కోడలి కాడ ఉన్నది బిడ్డా. ఇది గూడ నాదే గద, నా మొకం జూడు."

"మొకం జూసి టికెట్ ఇయ్యమని సర్కారు చెప్పలేదు. పైసలు తీయి, లేకుంటే దిగు. రోజూ ఇదే గోల మీతోని!"

ముసలమ్మ మారుమాట లేక కొంగుముడి విప్పి, నలిగిన నోట్లను లెక్కించి యిచ్చి, టికెట్టు తీసికొనెను. నియమము ప్రకారము వ్యవహారము అంతటితో ముగిసినది. కాని కండక్టరమ్మ రెండు స్టేజీల పొడుగునను ఎవరితోనని లేకుండ మాటలాడుచునే యుండెను: అందరికి చెప్పి చెప్పి నోరు పడిపోవుచున్నదనియు, రేపు చెకింగువారు ఎక్కిన ఉద్యోగము పోవునది తనదే గాని ఈ అవ్వది కాదనియు. పాసు చూపబోయిన బడిపిల్లవానిని, వాడప్పటికే జరిగి నిలుచున్నను, లోపలికి జరుగుమని గద్దించెను. ఒక మలుపులో దిగవలసిన ఆసామి రెండుసార్లు 'ఆపండి' అనినను వినక 'రైట్' అనివైచెను. ఆయన అరమైలు వెనుకకు నడువవలసివచ్చెను. డ్రైవరు అద్దములోనుండి ఆమెపై కేక వేసెను. ముసలమ్మ తన ఊరిలో ఎప్పుడో దిగిపోయినది గాని కండక్టరమ్మ తలపులలోనుండి మాత్రము దిగలేదు.

నేనామెను నిందించుటకు దీనిని వ్రాయుట లేదు. నియమము ఆమె చేసినది కాదు, నకలు చెల్లదనుట నిజము, చెకింగు భయము నిజము. నన్ను ఆలోచింపజేసినది వేరు. టికెట్టు చేతికిచ్చిన క్షణముననే ఆ సంఘటన ముగిసినది; పిమ్మట జరిగిన నష్టమంతయు, అనగా పిల్లవాని అవమానము, ఆసామి నడక, డ్రైవరుతో తగవు, ఆమె గొంతు నొప్పి, అన్నియు ముగిసిన దానిని మరల మరల తలచుటవలననే కలిగినవి. భగవద్గీత ద్వితీయాధ్యాయము నందు ఈ క్రమము చెప్పబడియున్నది. దానిని కోపము చెడ్డదను నీతిగా మాత్రమే మనము అప్పజెప్పుచుందుము గాని, అందలి మెట్ల వరుసను నిదానించి చూచువారు తక్కువ. ఆ వరుసలో మొదటి మెట్టు క్రోధము కాదు. విషయమును విడువక చింతించుట మొదటిది. దానినుండి సంగము, సంగమునుండి కామము, అది అడ్డగింపబడగా క్రోధము. అటుపిమ్మట సమ్మోహము, స్మృతి చెదరుట, తుదకు బుద్ధి నశించుట. మలుపులో దిగువాడున్నాడను సంగతిని కండక్టరమ్మ మరచుట ఆ స్మృతి చెదరుటయే. మనము నాలుగవ మెట్టు మీద నిలిచి కోపముతో కుస్తీ పట్టి ఓడిపోవుచుందుము. పట్టు దొరకునది మొదటి మెట్టు వద్ద.

మొదటి మెట్టు వద్ద ఏమున్నది? ఒక వాక్యమున్నది. 1960ల ప్రాంతమున ఫిలడెల్ఫియా నగరములో ఆరన్ బెక్ అను మానసిక వైద్యుడు తన రోగులను పరీక్షించుచు, సంఘటనకును ఉద్వేగమునకును నడుమ ఒక చిన్న తలపు మెరపువేగమున వచ్చి పోవుచున్నదనియు, దానిని రోగి గమనింపనైన గమనింపడనియు, గమనించి ప్రశ్నించుట నేర్చినచో దుఃఖపు పట్టు సడలుచున్నదనియు కనుగొనెను. ఆయనకు కొంచెము ముందుగా ఆల్బర్ట్ ఎల్లిస్ అను మరియొకడు ఇట్టి పద్ధతినే అవలంబించి, దీనికి మూలము ఎపిక్టెటస్ అను ప్రాచీన తాత్త్వికుని బోధలో నున్నదని ఒప్పుకొనెను. ఆ ఎపిక్టెటసు పుట్టుకచేత బానిస, అనగా మీకంటెను నాకంటెను కఠినమైన యజమానులను చూచినవాడు. మన కండక్టరమ్మ మనస్సులో ఆ క్షణమున మెరసిన వాక్యము ఏది? నా ఊహ ప్రకారము అది 'వీరందరును నన్ను మోసగింపజూచువారే' అనునది. ఆ వాక్యము నిజమైనచో కోపము న్యాయమే. కాని నలుదిక్కుల మడచిన కాగితమును భద్రముగా రొమ్ముకడ దాచుకొని వచ్చిన ముసలమ్మ మోసగత్తె యగునా? నకలుకును అసలుకును భేదమెరుగనిది మాత్రమే. అప్పుడును ఆమె చార్జీ కట్టవలసినదే, మీరు పుచ్చుకొనవలసినదే. నియమము ఒక్క వెంట్రుకయైనను వంగదు. 'అవ్వా, వచ్చేసారి అసలు కార్డు తెచ్చుకో' అనునంతటితో మాట తీరును. రెండు స్టేజీల గొడవ తప్పిపోవును.

'అంత తీరికగా తలపును పట్టి పరీక్షించుటకు మాకు వ్యవధి ఎక్కడిది?' అని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. దీనికి ఉత్తరము సుమారు రెండువేల ఏండ్ల క్రిందట రోములో సెనెకా అనువాడు తన సోదరుని పేర కోపమును గూర్చి వ్రాసిన మూడు భాగముల గ్రంథములో నున్నది. (ఆ సెనెకాకు శిష్యుడైన నీరో చక్రవర్తి ఎట్టివాడైనాడో లోకమెరుగును, గ్రంథము మంచిదగుటకు శిష్యుడు హామీగా నిలువ నక్కరలేదు.) అతని మతమున కోపము మూడు విడతలుగా వచ్చును. మొదటి విడత మన యిచ్ఛ లేకయే కలుగును: మొగము ఎర్రబారుట, గుండె దడదడలాడుట, చేయి బిగియుట. ఇది తప్పు కాదు, జ్ఞానికిని కలుగును. రెండవ విడతలో బుద్ధి ప్రవేశించి, 'నాకు అన్యాయము జరిగినది, నేను బదులు తీర్చుకొనవలెను' అని ఒప్పుదల చేయును. మూడవది ఆ ఒప్పుదల చేతినుండి జారిపోయి మనిషిని ఈడ్చుకొనిపోవుట. మొదటిదానిని ఆపజాలము, మూడవదానిని ఆపబోయిన ఆలస్యమైపోవును. మన అధికారమంతయు రెండవదాని మీదనే. దానికి అతడు చెప్పిన మందు మంత్రము కాదు, యోగాసనము కాదు, ఆలస్యము. కొంచెము జాగు చేయుము, అంతే.

ఆ జాగు మీ పనిలోనే ఇమిడియున్నది. యంత్రము టికెట్టు ముద్రించునంతసేపు మీరెట్లును నిరీక్షింపవలెను. ఆ క్షణకాలము నోరు తెరువక కాగితము బయటికి వచ్చుటను చూచుచుండుడు. మరియు ఒక స్టేజీలో జరిగిన మాటను తరువాతి స్టేజీ దాటిన పిమ్మట ఇంకను పలుకవలెనని తోచిన పలుకుడు. తొమ్మిదింట ఎనిమిది తావులలో తోచదు.

ఇక్కడ ఒక అపోహను తొలగింపవలెను. జాగు చేయుట అనగా కోపమును మ్రింగుట కాదు. పెద్దలు పలుమారు 'దిగమ్రింగుము' అని బోధించుట మేలైన బోధ కాదని నా నమ్మకము, దానికి ప్రయోగపు ఆధారము కూడ నున్నది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు జేమ్స్ గ్రాస్ 1998లో ప్రకటించిన పరిశోధనలో కొందరికి చూచుటకు జుగుప్స పుట్టించు శస్త్రచికిత్సా దృశ్యమును చూపి, ఒక జట్టును ముఖములో ఏ భావమును కనబడనీయవలదనియు, మరియొక జట్టును నిర్లిప్తముగా ఆలోచించుచు చూడుమనియు కోరెను. ముఖమును బిగబట్టినవారి లోపలి అసహ్యము తగ్గలేదు సరిగదా, దేహములోని ఉద్రిక్తత హెచ్చినది. ఆలోచన మార్చుకొనినవారికి అసహ్యమే తగ్గినది. బయట శాంతము, లోపల మంట అనునది దేహమునకు రెట్టింపు శ్రమ. కావున నేను కోరునది మౌనము కాదు, చూచు చూపులో మార్పు.

అట్లని విమానములలోని పరిచారికలవలె మీరు నవ్వుచుండవలెననియు నేను కోరను. ఆర్లీ హాక్‌షీల్డ్ అను సామాజిక శాస్త్రవేత్త డెల్టా విమానసంస్థ పరిచారికల శిక్షణను దగ్గరనుండి పరిశీలించి 1983లో ఒక గ్రంథము వెలువరించినది. దుడుకుగా మాటలాడు ప్రయాణికుని భయపడిన పసివానిగా భావింపుమని అక్కడ నేర్పుచుండిరట. అది కొంత మేలే చేయును. కాని నవ్వును కూడ జీతములో భాగముగా అమ్ముకొనిన స్త్రీకి ఇంటికి వచ్చిన పిమ్మట తన నవ్వు ఏది, సంస్థ నవ్వు ఏది తెలియకపోవు దుఃస్థితిని ఆమె చక్కగా వర్ణించినది. తెలుగు ప్రయాణికులు మీ నవ్వు కొరకు టికెట్టు కొనరు. 'ఎక్కడికి?' అని తిన్నగా అడిగిన చాలును. ఆ యొక్క మాటలో గౌరవమున్న మాకు పది నవ్వులు దొరికినట్లే.

చూపులో మార్పు అంటిని గదా, ఎట్టి మార్పు? పతంజలి యోగసూత్రముల ప్రథమపాదమున చిత్తము ప్రసన్నమగుటకు నాలుగు భావనలు చెప్పబడినవి: సుఖముగా నున్నవారియెడ మైత్రి, దుఃఖములో నున్నవారియెడ కరుణ, పుణ్యశీలురయెడ ముదిత, అపుణ్యులయెడ ఉపేక్ష. వనములో ఏకాంతముగా కూర్చున్న యోగికి ఈ నలుగురును ఎక్కడ దొరకుదురో నాకు తెలియదు గాని, మీ బస్సులోనికి ప్రతి స్టేజీలో ఎక్కుచుందురు. కొత్తబట్టలతో పెండ్లికి పోవుచు వెనుక సీట్లలో కేరింతలు కొట్టుచున్న గుంపు మొదటివారు. మీరు ఉదయము నాలుగింటికి లేచి వచ్చి నిలువు కాళ్లతో పని చేయుచుండగా వారి సంతోషము మీకు కంటగింపుగా తోచుట మానవసహజము. అక్కడ కావలసినది మైత్రి, అనగా వారి సంతోషము మీ దగ్గరనుండి దొంగిలింపబడినది కాదని గుర్తించుట. ఆసుపత్రి కాగితముల సంచిని ఒడిలో పెట్టుకొని కిటికీ వైపు చూచుచు, మూడుసార్లు పిలిచినను పలుకని మనిషి రెండవవాడు. అతడు మిమ్ములను లక్ష్యపెట్టకపోవుట లేదు, అతని చెవులు వార్డులో నున్నవి.

నాలుగవవాడు మీకందరికంటె పరిచితుడు. చివరి ట్రిప్పులో త్రాగి యెక్కి 'నేనెవరో తెలుసా?' అని అడుగువాడు. అతడెవరో అతనికే తెలియదు, మీరు చెప్పిన వినడు. అతనికి మీ కోపము కావలెను, అది దొరకుదాక కదలడు. ఉపేక్ష అనగా పిరికితనమనుకొనువారు కలరు; నిజమునకు అది నాల్గింటిలో మిక్కిలి బలము కోరునది. టికెట్టు కొట్టి, డబ్బు తీసికొని, అతని ప్రక్కవానితో 'మీరు ఎక్కడికండీ?' అని సాగిపోవు కండక్టరును చూచినప్పుడు నాకు చేతులెత్తి మ్రొక్కబుద్ధి యగును.

కాని, నాల్గింటిలో నేర్చుటకు అతి కష్టమైనది మూడవది, ముదిత, అనగా మంచివారిని చూచి సంతోషించుట. ఒక ట్రిప్పులో డెబ్బదిమంది ఎక్కి, ముగ్గురు తగవులాడి, అరువదియేడుగురు చల్లగా టికెట్టు తీసికొనిన, రాత్రి పండుకొనబోవునప్పుడు గుర్తుండునది ఆ ముగ్గురే. కడుపుతో నున్న స్త్రీకి అడుగకయే లేచి సీటిచ్చిన కాలేజీ కుర్రవాడు, జనములో మీరు రాలేరని డబ్బు చేతినుండి చేతికి అందించి టికెట్టును అట్లే వెనుకకు చేర్చిన అపరిచితులు, మీరు మరచిన చిల్లర ఎక్కువగా వచ్చినదని తిరిగి యిచ్చిన కూలిమనిషి. వీరి లెక్క ఎవరును ఉంచరు. మనస్సునకు గాయములను లెక్కించు అలవాటు పుట్టుకతో వచ్చినది, మేలును లెక్కించు అలవాటు పట్టుబట్టి నేర్వవలసినది. నన్నడిగిన, ఉద్యోగములో చేరిన మొదటి సంవత్సరము కోపము తగ్గించుకొనుటకంటె ముందు ఇది నేర్వదగినది. ఇది పట్టువడిన కోపము సగము తనంతనే దిగును.

కోపము ఎన్నడును కూడదా? మన భారతము అట్లు చెప్పలేదు. అరణ్యవాసములో ద్రౌపది ధర్మరాజుతో వాదించుచు, ప్రహ్లాదుడు తన మనుమడైన బలిచక్రవర్తికి చేసిన ఉపదేశమును ఉదాహరించును: సర్వదా తేజమును తగదు, సర్వదా క్షమయు తగదు, ఎల్లప్పుడును క్షమించువానిని సేవకులును లెక్కసేయరు, ఎల్లప్పుడును కోపించువానికి తనవారును మిగులరు. ధర్మరాజు క్షమను స్తుతించి మారుపలికెను గాని ద్రౌపది వాదము పొల్లుపోయినదని నేననుకొనను. మీమీద చేయి చేసికొనినవాని విషయమున ఉపేక్ష వర్తింపదు. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టము 43వ సెక్షను ఆర్టీసీ ఉద్యోగులను పబ్లిక్ సర్వెంట్లుగా పరిగణించుచున్నది. విధిలో నున్న పబ్లిక్ సర్వెంటును అడ్డగించుటకై దాడి చేయుట భారతీయ న్యాయసంహిత 132వ సెక్షను క్రింద నేరము. అక్కడ బస్సును పోలీసుస్టేషనుకు మళ్లించుటయే ధర్మము, అదియు అరువకుండ, వణకకుండ చేయదగిన ధర్మము. కోపమును నకలు కాగితముల మీద వ్యయము చేసిన వారికి నిజమైన అన్యాయము ఎదురైనప్పుడు గొంతు మిగులదు.

దేహమును గూర్చి రెండు మాటలు. విలియం జేమ్స్ 1884లో ఒక వింత సిద్ధాంతమును ప్రతిపాదించెను: మనము దుఃఖించుటచేత ఏడ్చుట కాదు, ఏడ్చుటచేత దుఃఖింతుమని. అది పూర్తిగా సరియైనదని నేటి శాస్త్రజ్ఞులు అంగీకరింపరు. అయినను అందొక పాలు సత్యమున్నదని గొంతు తగ్గించి మాటలాడి చూచిన ఎవరికైనను తెలియును. కేక వేయుచు శాంతపడినవాడు లేడు. మరియొకటి మీకు సంతోషము కలిగింపవచ్చును: జెర్రీ మోరిస్ అను వైద్యశాస్త్రజ్ఞుడు 1953లో లండను నగరపు రెండంతస్తుల బస్సుల ఉద్యోగులను పోల్చి చూచి, కూర్చుండి నడపు డ్రైవర్లకంటె మెట్లెక్కి దిగు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా నున్నదని ప్రకటించెను. వ్యాయామము వలన గుండెకు మేలను నేటి ఎరుకకు మొదటి సాక్షులలో కండక్టర్లున్నారు. మీ కాళ్లు చేయుచున్న ఆ మేలును మీ గొంతు చెరచకుండుగాక.

డ్యూటీ దిగునప్పుడు మీరు డిపోలో యంత్రమును, నగదును అప్పగించి, పైసతో సహా లెక్క సరిచూచుకొని గాని ఇంటికి పోరు. సెనెకా కూడ ప్రతిరాత్రియు దీపము తీసివేసిన పిమ్మట, అతని అలవాటెరిగిన భార్య మాటలాడక ఊరకుండగా, ఆనాటి తన మాటలను, చేతలను మరల విచారించుకొనెడివాడట: ఫలానివానితో అంత కటువుగా పలుకనేల, ఫలానిచోట వాదించి ప్రయోజనమేమి అని. తన్ను తాను శిక్షించుకొనుటకు కాదు. ఈ సారికి క్షమించితిని, మరల చేయకుము అని తనతో చెప్పుకొనుటకు. మీ లెక్కలలో నగదు తక్కువైనచో చేతినుండి కట్టవలెను. ఈ లెక్కలో అట్టి భయము లేదు, సంస్థకు చూపనక్కరలేదు. ఈ లెక్క చూచుకొనని యెడల ఇంటనున్నవారు కట్టుదురు, అదియొక్కటే చిక్కు. బస్సులో ముసలమ్మపై మొదలైన విసుగు రాత్రి పదింటికి అన్నము వడ్డించుచున్న భర్తమీదనో, లెక్కలు చేయుచున్న కొడుకుమీదనో తీరిన ఇండ్లు నేనెరుగుదును, మీరును ఎరుగుదురు.

నేనీ నిగ్రహమును కోరునది ప్రయాణికుల సుఖము కొరకు కాదు, సంస్థ పేరు కొరకు అంతకంటెను కాదు. మీ పనికి ఒక అర్థమున్నది, కోపముతో నున్న దినమున అది మీకు కనబడదు. పరీక్షకు పోవు పిల్ల పరుగెత్తుకొని వచ్చుచున్నదని డ్రైవరుచేత అరనిమిషము బండి ఆపింపించినవారు మీరు. ఫలాని ఊరి స్టేజీలో ఎవరు ఎక్కుదురో, ఎక్కలేదనిన ఎందుకు ఎక్కలేదో ఎరిగినవారు మీరు. రాత్రి చివరి బస్సులో ఒంటిగా దిగిన ఆడుపిల్లను తీసికొనిపోవుటకు తండ్రి వచ్చినాడా లేదా అని తలుపులోనుండి చూచి గాని 'రైట్' అననివారు మీలో ఎందరో కలరు. వారికి ఏ ఉత్తర్వును లేదు, ఏ యంత్రమును ఆ పనికి టికెట్టు ముద్రింపదు.

ఈ లేఖను మీ భుజము మీదుగా తోటి ప్రయాణికులు చదువుచుందురు గనుక వారికొక మాట. అయ్యా, అమ్మా, బస్సు ఎక్కిన పిమ్మట మూటలన్నియు విప్పి కార్డు వెదకుట మానుడు; ఉదయపు మొదటి ట్రిప్పులో ఇరువది రూపాయల టికెట్టునకు ఐదువందల నోటు చాచి, చిల్లర లేదన్నందుకు నీతులు చెప్పకుడు; 'ఏయ్' అని పిలువకుడు.

అధికారులకు మరియొకటి. శిక్షణ కళాశాలలలో మనోనిగ్రహమును బోధింపదలచిన, వెలుపలి ఉపన్యాసకులను కాక, పల్లెవెలుగులో వెంట్రుకలు నెరసిన మీ కండక్టర్లనే పిలిచి, నకలు కాగితపు తగవును, తాగుబోతు తగవును క్రొత్తవారిని ఎదురెదురుగా నిలిపి వారిచేత ఆడింపుడు; ఒక పూటలో వారు నేర్చునది పది ఉపన్యాసములలో నేర్వరు. స్వప్రయత్నమునకు లొంగని నిద్రలేమి, దిగులు, కోపము పట్టుకొనినవారు కూడ కండక్టర్లలో ఉందురు. వారికి కావలసినది లేఖ కాదు, వైద్యము. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ అను సేవకు 14416 నంబరుకు ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. డిపో నోటీసుబోర్డు మీద, సస్పెన్షను ఉత్తర్వుల ప్రక్కన, ఆ అయిదంకెలకు చోటు దొరకకపోదు.

ఇట్లు,
మీ బస్సులలో నిత్యము తిరుగు
ఒక ప్రయాణికుడు